వీణకి తలంటు పోసిన అప్పలనరసమ్మ

ఈ కథ మొదట చెప్పింది మా మేనత్త రాజులమ్మ. ఆవిడ ఈ కథలో ఉన్న సోములు ఇంటి పక్కనే కాపురం ఉండేది. అన్నీ కళ్ళారా చూసింది. అందుకని ఆవిడ చెప్పినట్టే చెప్పుకోవాలి, ఒక్క మాట అటూ ఇటూ కాకూడదు. ఊఁ కొడుతూ ఉండు మరి. కొట్టకపోతే ఆపేస్తాను.

అనగా అనగా చినబోరవలస అని ఒక ఊరు. ఆ ఊళ్ళో అప్పలనరసమ్మ అని ఒక అమ్మమ్మ. పనిలో ఆవిడంత పట్టింపు మనిషి ఇంకొకరు లేరు. ముగ్గు వేస్తే గీత వంకర పోకూడదు. బిందె తోమితే అందులో మొహం కనపడాలి. ఎవరైనా ఒక మాట అంటే, పదేళ్ళైనా ఆ మాట మనసులోంచి పోకూడదు.

ఆవిడ దగ్గర మనవరాలు ఉండేది. పేరు బంగారి. తొమ్మిదేళ్ళ పిల్ల. తల్లీ తండ్రీ పట్నంలో జనపనార మిల్లులో పని చేసుకునేవారు. పిల్ల అమ్మమ్మ దగ్గరే తిని, అమ్మమ్మ పక్కనే పడుకునేది. అచ్చం నీలాగే, కాళ్ళు అమ్మమ్మ మీద వేసి.

బంగారికి ఒక చిన్న వీణ ఉండేది. వాళ్ళ తాత పోయేముందు పెరట్లో పనస చెట్టు కొట్టించి, ఆ దుంగతో చేయించి ఇచ్చాడు. చేసింది తాత స్నేహితుడు, వీణలు చెక్కే సోములు.

ఆ ఊళ్ళో వరహాలమ్మ అని వీణ పంతులమ్మ ఉండేది. ఆవిడ ఏడాదికి ఒక్క పిల్లనే కొత్తగా తీసుకునేది. మూలా నక్షత్రం రోజు పిల్లలందరి వీణలూ అమ్మవారి ముందు పెట్టేవారు. అక్కడినుంచి ఎవరూ వాటిని ముట్టకూడదు. విజయదశమి పొద్దున్న తీసి వాయించాలి. ఎవరి చేతిలో వీణ సరిగ్గా పలికితే ఆ పిల్లకి ఆ ఏడు పాఠం. బంగారి రెండేళ్ళుగా పంతులమ్మ గుమ్మం బయట కూర్చుని, విని విని నేర్చుకుంది. ఈసారి ఎలాగైనా వాయించాలని దాని ఆశ.

మూలా నక్షత్రానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. అప్పుడు అప్పలనరసమ్మ పండగ పనులు మొదలుపెట్టింది. తలుపులకి ఆముదం రాసింది. రోకలికి రాసింది. మనవరాలికి తలంటి పోసింది. ఆ తర్వాత ఆవిడ చూపు మూల ఉన్న వీణ మీద పడింది.

"అయ్యో, దీని ఒళ్ళు ఎంత ఎండిపోయిందో," అనుకుంది. "ఇంట్లో అందరికీ తలంటు అయింది, దీనికి మాత్రం కాలేదు."

అప్పుడు ఏం చేసిందనుకున్నావు? ఆముదం వెచ్చబెట్టి, నిలువునా పట్టించింది. ఆ తర్వాత కుంకుడుకాయ పులుసు పోసి నురగొచ్చేలా రుద్దింది. ఆ తర్వాత నాలుగు చెంబులు నీళ్ళు పోసి, తుడిచి, ఎండలో మంచం మీద ఆరబెట్టింది. ప్రేమతోనే చేసింది. పాడుచెయ్యాలని చెయ్యలేదు.

వీణ మీద ఇరవై నాలుగు ఇత్తడి మెట్లుంటాయి. వాటిని మేకులతో కొట్టరు, మైనంలో నిలబెడతారు. ఎండకి మైనం కరిగింది. మెట్లన్నీ జారి, ఒకదాని మీద ఒకటి పడ్డాయి. బంగారి బడినుంచి వచ్చి చూసింది. ఏడవలేదు. తీగ ఒకటి మీటింది. డబ్బా మీద కొట్టినట్టు 'దబ్' అంది. అప్పుడు ఏడ్చింది.

వీధిలో వాళ్ళు వచ్చి, "ఏమైందే?" అన్నారు. అప్పలనరసమ్మ నోరు తెరిచేలోగా బంగారే, "నేనే కింద పడేశాను," అంది. అమ్మమ్మని నలుగురూ నవ్వకూడదని అలా అంది. అప్పలనరసమ్మ ఆ మాట విని ఊరుకుంది. ఊరుకోకూడదు. కానీ ఊరుకుంది.

మర్నాడు ఆవిడ వీణని పాత చీరలో చుట్టుకుని మంచాలు చేసే వడ్రంగి దగ్గరికి వెళ్ళింది. వడ్రంగి చూసి, "దీనికేముంది పిన్నీ, ఒక్కో మెట్టుకి రెండేసి మేకులు కొడితే జన్మలో ఊడదు," అన్నాడు. "నీ మంచానికి కొట్టుకో," అని వీణ తీసుకుని వచ్చేసింది.

ఆ మర్నాడు బస్సెక్కి పట్నంలో హార్మోనియాలు అమ్మే కొట్టుకి వెళ్ళింది. కొట్టాయన ముట్టుకోకుండానే, "ఇది పొయ్యిలోకి పనికొస్తుందమ్మా, కొత్తది తీసుకోండి," అన్నాడు. ఆవిడ వీణని గుండెలకి ఆనించుకుని దిగి వచ్చేసింది.

ఇంక మిగిలింది సోములు ఒక్కడే.

సోములు గుమ్మం ఆవిడ తొక్కి పదకొండేళ్ళయింది. కూతురి పెళ్ళిలో, భోజనాల బంతి నిండా జనం కూర్చుని ఉండగా, సోములు, "వదినా, పులుసులో ఉప్పు మరిచిపోయినట్టున్నావు," అన్నాడు. అంతే. ఆ రోజునుంచి ఆవిడ నోట అతను 'ఆ మనిషి'. ఒక రోజంతా ఆవిడ వీణ ఎదురుగా కూర్చుని ఆలోచించింది. బంగారి అన్నం సగంలో వదిలేసి లేచింది. అది చూసి అప్పలనరసమ్మ కొంగు దోపుకుని, వీణనీ పిల్లనీ తీసుకుని సోములు ఇంటికి బయలుదేరింది.

సోములు అరుగు మీద ఉలి నూరుకుంటున్నాడు. ముసలివాడైపోయాడు. దుంగలు చెక్కీ చెక్కీ ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది సగం. ఆవిణ్ణి చూసి లేచి నిలబడ్డాడు. వీణ విప్పి, ఒళ్ళంతా చేత్తో తడిమాడు. వాసన చూశాడు.

"దీనికి ఏమైంది వదినా?" అన్నాడు.

"వానలో తడిసింది," అంది ఆవిడ.

"వాన పడి నెలైంది కదా."

"మేక వచ్చి కుమ్మింది."

సోములు తలెత్తలేదు. "చూడు వదినా. ఇది నీళ్ళు తాగితే నీడలో ఆరబెట్టాలి. నూనె తాగితే సుద్దమట్టి పట్టించి లాగాలి. దానికి చేసేది దీనికి చేస్తే దుంగ నిలువునా విచ్చుకుంటుంది. అన్న కొట్టించిన చెట్టు ఇది. నిజం చెబితేనే చెయ్యి పెడతాను."

బంగారి పక్కనే నిలబడి, "నేనే పడేశాను తాతా," అంది మళ్ళీ.

అప్పుడు అప్పలనరసమ్మ ఇంక ఆగలేకపోయింది. పిల్లని దగ్గరికి లాక్కుంది. "అది అబద్ధం చెబుతోంది, నా కోసం. నేనే తలంటు పోశాను. ముందు ఆముదం, తర్వాత కుంకుడు పులుసు, తర్వాత ఎండ."

సోములు వీణని మళ్ళీ ఒకసారి వాసన చూశాడు. "సాంబ్రాణి వెయ్యలేదా?"

"వేశాను," అంది ఆవిడ.

"దిష్టి చుక్కో?"

"వీణ కుండ వెనకాల పెట్టాను. చూడు, కనపడుతుంది."

చూశాడు. ఉంది. అప్పుడు ముసలాయన నవ్వాడు చూడూ, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. ఆవిడకి కోపం రావాలి. రాలేదు. ఆవిడకీ నవ్వొచ్చింది.

ఆ తర్వాత సోములు వీణకి సుద్దమట్టి పట్టించి నీడలో పెట్టాడు. రోజుకి మూడుసార్లు మట్టి మార్చాడు. మట్టి ఆముదం పీల్చి పచ్చబడేది. గీకేసి మళ్ళీ కొత్తది. అలా ఏడు రోజులు. ఎనిమిదో రోజు పొద్దున్న వేలితో కొడితే దుంగ ఖంగుమంది.

ఇంక మెట్లు నిలబెట్టాలి. అక్కడ వచ్చింది చిక్కు. మెట్టుని గోరంత అటు జరిపితే ఒక స్వరం, ఇటు జరిపితే ఇంకోటి. చెవితోనే పెట్టాలి. సోములికి చెవి లేదు. ఇంకొకరి దగ్గరికి వెళ్ళడానికి రోజులూ లేవు. తెల్లారితే మూలా నక్షత్రం.

"చేతులున్నాయి కానీ, వినేదెవరు?" అన్నాడు సోములు.

"నేను వింటాను తాతా," అంది బంగారి.

అప్పుడు ముగ్గురూ కూర్చున్నారు. అప్పలనరసమ్మ మైనంలో బొగ్గుపొడి వేసి వెచ్చగా పిసికి ఇచ్చింది. సోములు మెట్టు పెట్టి తీగ మీటాడు. బంగారి కళ్ళు మూసుకుని విని, "ఇంకొంచెం ఇటు తాతా... కాదు, కాస్త వెనక్కి... ఆఁ, అక్కడే," అంది. అలా ఒకటి, అలా రెండు, అలా ఇరవై నాలుగు. మధ్యలో ఆవిడ, "సరిగ్గా విన్నావా?" అని అడిగితే, సోములు, "వదినా, నువ్వు మైనం చూసుకో," అన్నాడు. ఆవిడ మైనం చూసుకుంది. జీవితంలో ఆవిడ ఒకరి మాట అలా వినడం అదే మొదలు.

దీపాలు పెట్టేవేళకి పని అయింది. మర్నాడు వీణ అమ్మవారి ముందుకి చేరింది.

విజయదశమి పొద్దున్న పిల్లలంతా వాయించారు. బంగారి వంతు వచ్చింది. మొదటి మెట్టు మీద వేలు పెట్టింది. పలికింది. రెండోది పలికింది. చివరి మెట్టుదాకా ఒక్కటి కూడా తప్పలేదు. పంతులమ్మ పిల్లని దగ్గరికి పిలిచి తల మీద చెయ్యి పెట్టింది. "ఈ ఏడు పాఠం నీకే," అంది. ఆ తర్వాత, "ఇంత శుద్ధంగా ఈ మెట్లు పెట్టిందెవరు?" అని అడిగింది.

సోములు గుమ్మం బయట చెప్పుల దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ మాట అతనికి వినపడలేదు.

అప్పుడు అప్పలనరసమ్మ లేచింది. సభ నిండా జనం. "పెట్టిన చెయ్యి మా సోములు మరిదిది," అంది. "విన్న చెవి మా పిల్లది. పాడుచేసింది నేను. తలంటు పోశాను."

నవ్వినవాళ్ళు నవ్వారు. ఆవిడ లెక్కచెయ్యలేదు. పంతులమ్మకని తెచ్చిన కొత్త చీర పంతులమ్మకి ఇచ్చింది. సంచిలోంచి ఒక కొత్త పంచె తీసింది. గుమ్మం దాటి వెళ్ళి, సోములు చేతిలో పెట్టి, రెండు చేతులూ జోడించింది. వినపడదని తెలిసి, గట్టిగానే చెప్పింది.

"నా ఇంటి దీపం నిలబెట్టావు మరిదీ."

"ఊళ్ళో అందరికీ వినపడింది వదినా, చాల్లే," అన్నాడు సోములు.

ఇదీ జరిగింది. ఇప్పుడు ఒక హరికథాయన ఏటా మన వైపు వస్తాడు చూడు, ఎర్ర కండువా ఆయన. ఆయన పుస్తకంలో ఏముందో తెలుసా? మూలా నక్షత్రం రాత్రి సరస్వతమ్మ దిగి వచ్చి, బంగారి వీణని చేత్తో నిమిరి బాగుచేసిందట. సోములు పేరే లేదు. అమ్మవారికి ఎన్ని దణ్ణాలైనా పెడదాం, తప్పులేదు. కానీ ఏడు రోజులు మట్టి మార్చిన చెయ్యి సోములుది. రాజులత్త చెబితే ఆ కండువా ఆయన, "నీకు చదువు రాదు, నీకేం తెలుసు," అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు, మరిచిపోను కూడా. నువ్వు అక్షరాలు నేర్చుకుంటున్నావుగా. వచ్చే ఏడు ఆయన వచ్చినప్పుడు ఆ పుస్తకం అడిగి, అమ్మవారి పేరు పక్కన సోములు పేరు రాయి. నువ్వు రాయలేకపోతే, రాయగలిగినవాళ్ళకి చెప్పు.

కథేమో కంచి బండెక్కింది,
కునుకేమో నీ రెప్పనెక్కింది.
తప్పు చెప్పేవాళ్ళుంటే ఆపండి,
సోములు పేరుని తెచ్చి కలపండి.