తేటపడిన నీళ్లు

మధ్యాహ్నం మూడవుతోంది. పొద్దున్నుంచీ ముసురు.

మా అమ్మాయి వకుళ జకరయ్య మాస్టారి దగ్గర పరిశోధన చేస్తోంది. కర్రను గట్టిగా పట్టి ఉంచే పదార్థం లిగ్నిన్ అట. కాగితం మిల్లు నీళ్లు నల్లగా ఉండేది దానివల్లేనట. దాన్ని తినే బాక్టీరియాను వకుళ మిల్లు తొట్టిలో వదిలి, బెల్లం నీళ్లు పోసి పెంచింది. నెల తిరిగేసరికి నలుపు పోయి నీళ్లు తేటపడ్డాయి.

ఆ నీళ్లు తోడేశారు. ఇక దిగి అడుగు బురద ఎత్తాలి. ఆ పని మావాళ్లదే. మా ఆయన, మరిది చలమయ్య, చలమయ్య బావమరిది ఏసోబు. దిగవచ్చా అని అడిగితే, నలుపంతా తినేశాయి, ఉన్నది చచ్చిన బాక్టీరియానే అని చెప్పింది వకుళ. దాని పురుగులు మనకంటే శుభ్రంగా తింటాయని చలమయ్య నవ్వాడు. వాన తగ్గితే దిగుదామనుకున్నారు.

నేను క్యారేజీ తీసుకుని మిల్లు పక్కనే ఉన్న లాబుకు వెళ్లేసరికి వకుళ మాస్టారి ముందు నిలబడి ఉంది. థీసిస్ రాసుకోమని ఆయన అనాలి. అనడం లేదు.

"రంగు పోయింది కదా మాస్టారూ. ఇంకేం చూడాలి?"

ఆయన దాని సీసాను వెలుతురుకు ఎత్తారు. పైన తేట. అడుగున మడ్డి.

"ఈ మడ్డిని ఆసిడ్‌లో ఉడికించి, కరగకుండా మిగిలింది తూచావా?"

చచ్చినవాటిని తూచి ఏం లాభం అంది. ఆ విసురుకు నాకే సిగ్గేసింది.

మాస్టారు సీసాలో కొంచెం కాస్టిక్ సోడా ద్రావణం పోసి, మెల్లగా తిప్పారు.

మడ్డి కరిగింది. సీసా మొత్తం నల్లబడింది. మొదటిరోజు నలుపే.

"లిగ్నిన్‌ను కాదు, బెల్లం తిని పులియబెట్టాయి తల్లీ. ఆ పులుపుకు లిగ్నిన్ పాలు విరిగినట్టు విరిగి కిందికి దిగింది. నెలగా కుళ్లిన ఆ బురద కదిపితే విషగాలి లేస్తుంది." కిటికీ వైపు చూశారు. వాన ఆగింది. "తొట్టి దగ్గర ఎవరున్నారు?"

వకుళ చెప్పుల్లేకుండా పరుగెత్తింది. వెనకే నేను.

చలమయ్య నిచ్చెన సగం దిగాడు. కుళ్లిన గుడ్ల వాసన.

"చిన్నాన్నా, పైకి రా."

వచ్చాడు. వస్తూనే కూలబడి కక్కుకున్నాడు. ఏసోబు వీపు నిమిరాడు. వెనకాల వచ్చిన మాస్టారు నిచ్చెన పైకి లాగి, పక్కన పడేశారు. 

ఇంటికొచ్చాం. మా ఆయన కాళ్లు కడుక్కున్నారు. ఏసోబు పొయ్యి దగ్గరికి జరిగాడు. చలమయ్య గోడకు ఆనుకున్నాడు. వకుళ గుమ్మం దాటలేదు.

"లోపలికి రా" అన్నాను.

తిరిగొచ్చినవాళ్లను లెక్కపెట్టుకున్నాను: ముగ్గురు. దీనితో నలుగురు.