సీసా మీద గిట్ట గుర్తు

అనగనగా, మన ముత్తాతల నాటి మాట. దొరల రాజ్యంలో, గోదావరి మీద పొగపడవలు తిరిగే రోజుల్లో, ఏటి ఒడ్డున ఒక అడవి. ఆ అడవిలో చెంగమ్మ అని ఒక దుప్పి ఉండేది. దానికి నూకాలు అని ఒక్కగానొక్క కూతురు. నూకాలంటే చెంగమ్మకి పంచప్రాణాలు. ఇది నవ్వించే కథ కాదర్రా, ముందే చెబుతున్నాను. బుద్ధిగా కూర్చుని వినండి.

ఆ ఏడు వానలు వెనకబట్టగానే అడవిలో పిల్లలకి కోరింత దగ్గు పట్టుకుంది. పాడు దగ్గు. మొదలైతే ఆగదు, ఊపిరి అందదు, తాగిన పాలన్నీ కక్కేస్తారు. నూకాలుకీ అంటుకుంది. చెంగమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని ముళ్ళపంది మామ్మ దగ్గరికి పరిగెత్తింది. ఆ అడవిలో ఎవరికి ఏం వచ్చినా చూసేది ఆవిడే.

మామ్మ నూకాలు వీపు మీద చెవి ఆనించి చాలాసేపు వింది.

"ఇది ఒక పట్టాన పోదమ్మా," అంది. "నెలో, నెలన్నరో పడుతుంది. దాన్ని దగ్గనీ. కఫం బయటికి వస్తేనే మేలు. కక్కిన ప్రతిసారీ మళ్ళీ రెండు గుక్కల పాలు పట్టు. వీపు నిమురుతూ పక్కనే ఉండు. అంతకు మించి నా దగ్గర మందు లేదు."

"తగ్గుతుందా మామ్మా?"

"చాలామందికి తగ్గింది. నీ పిల్లకి తగ్గి తీరుతుందని మాత్రం మాటివ్వలేను."

చెంగమ్మకి ఆ మాట రుచించలేదు. తగ్గుతుంది అని ఒక్క ముక్క అంటే ఈవిడ సొమ్మేం పోయింది అని లోలోపల విసుక్కుంది. అయినా చెప్పినట్టే చేసింది. ఒకరోజు కాదు, పది రోజులు. కంటి మీద కునుకు లేదు. మేత మీద ధ్యాస లేదు. నూకాలు దగ్గినప్పుడల్లా తన ప్రాణం పోయి వచ్చినట్టుండేది. ఏ తల్లికైనా ఓపికకి ఒక హద్దుంటుంది కదా.

పదకొండో రోజు పొద్దున రేవులో పొగపడవ కూత పెట్టింది. అందులోంచి ఒక నక్క దిగింది. ఒంటి మీద కోటు, కోటుకి గొలుసు గడియారం, తల మీద ఎత్తు టోపీ. నిరుడంతా ఓడరేవులో చేప తలకాయలు ఏరుకు తిన్న నక్కే అది. కోటు తగిలించుకున్నాక ఎవరు గుర్తుపడతారు? దాని వెనకాల ముగ్గురు డాక్టర్లు దిగారు. కొంగ గొంతు డాక్టరు. వడ్రంగిపిట్ట ఛాతీ డాక్టరు. గుడ్లగూబ కళ్ళ డాక్టరు.

"వీళ్ళు ముగ్గురూ లండనులో చదివొచ్చారు," అంది నక్క. "ఎవరి భాగం వాళ్ళే చూస్తారు. పక్కవాళ్ళ భాగం ముట్టుకోరు. అంత పెద్ద చదువులన్నమాట."

చెంగమ్మ నూకాలుని తీసుకొచ్చి వాళ్ళ ముందు నిలబెట్టింది.

కొంగ తన పొడుగాటి ముక్కు నూకాలు నోట్లో పెట్టి తీసింది. "గొంతు బాగుంది. ఛాతీ సంగతి నాకు తెలీదు," అంది.

వడ్రంగిపిట్ట డొక్క మీద టకటకా కొట్టింది. "మోత బాగుంది. గొంతు సంగతి నన్నడక్కండి," అంది.

గుడ్లగూబకి పట్టపగలు కళ్ళు కనబడవు. అది నూకాలు తోక వైపు తిరిగి, "చూపు దివ్యంగా ఉంది," అంది.

పిల్ల పాలు తాగుతోందా అని ముగ్గురిలో ఒక్కరూ అడగలేదు. తలా ఒక సీసా ఇచ్చారు. ఒకదానికి ఎర్ర కాగితం, ఒకదానికి పచ్చ కాగితం, ఒకదానికి నీలం కాగితం. చెంగమ్మ మూతలు తీసి వాసన చూసింది. మూడూ ఒకటే వాసన. ఇదేంటని అడుగుదామనుకుంది. టోపీ పెట్టుకున్నవాళ్ళని ఏమని అడుగుతాంలే అని ఊరుకుంది.

"నీ దగ్గర ఏమీ పుచ్చుకోనమ్మా," అంది నక్క. "పిల్ల బాగుంటే నాకదే చాలు."

చెంగమ్మ సంబరంగా సీసాలు పట్టుకెళ్ళింది. మూడు చెంచాలు పట్టేసరికి దగ్గు ఆగిపోయింది. నూకాలు నిద్రపోయింది. మర్నాడు కూడా నిద్రే. చెంగమ్మ కూడా కూతురి పక్కనే ఒళ్ళు వాల్చి, పన్నెండు రోజుల తరవాత కంటినిండా నిద్రపోయింది.

మూడో రోజు నక్క ఒక కాగితం, సిరా గిన్నె పట్టుకుని వచ్చింది. కాగితం మీద ఒక దుప్పి బొమ్మ, పక్కనే ఆకాశమంత ఎత్తు గెంతుతున్న పిల్ల బొమ్మ.

"పడవ బయల్దేరుతోందమ్మా. నాకో చిన్న సాయం చెయ్యాలి. దీని కింద నీ గిట్ట గుర్తు వెయ్యి."

"ఏం రాసుందయ్యా ఇందులో?"

"నా బిడ్డకి కోరింత దగ్గు పూర్తిగా నయమైంది, తల్లులారా నమ్మండి, అని. అంతే."

చెంగమ్మ తల తిప్పి కూతుర్ని చూసింది. "ఇంకా లేచి తిరగలేదయ్యా. నిన్నటి నుంచి పాలు కూడా తాగలేదు."

"అదే లేస్తుంది. నిన్న దగ్గిందా?"

"లేదు."

"ఇవాళ?"

"లేదు."

"మరింకేం? నువ్వు ఒక్క గుర్తు వేస్తే ఎంతమంది తల్లులు నీలా హాయిగా నిద్రపోతారో ఆలోచించు."

రెండు రోజులు ఆగి రమ్మని చెంగమ్మ అనాల్సింది. ఆ మాట నాలిక చివరి దాకా వచ్చింది కూడా. కానీ ఊరికే మందిచ్చిన పెద్దమనిషిని వట్టి చేతులతో ఎలా పంపడం? మొహమాటపడింది. గిట్ట సిరాలో ముంచి కాగితం మీద వేసింది. నక్క కాగితం మీద ఉఫ్ అని ఊది, మడిచి, కోటు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

నాలుగో రోజు ముళ్ళపంది మామ్మ వచ్చింది.

"ఏమే, పిల్ల దగ్గు వినబడ్డం లేదు?"

"తగ్గిపోయింది మామ్మా," అంది చెంగమ్మ కొంచెం గొప్పగా.

మామ్మ నూకాలు వీపు మీద చెవి పెట్టింది. తరవాత సీసా వాసన చూసింది. ఆవిడ మొహం మాడిపోయింది. "ఇది నల్లమందే తల్లీ. దగ్గు పోలేదు, దగ్గే ఓపిక పోయింది. కఫమంతా లోపలే ఉండిపోయింది. లేపు, ముందు పిల్లని లేపు."

ఇద్దరూ రుద్దారు, కుదిపారు, మొహాన నీళ్ళు చల్లారు. చెంగమ్మ పేరు పెట్టి పిలిచింది. నూకాలు ఒకసారి కళ్ళు తెరిచి అమ్మని చూసి మళ్ళీ మూసుకుంది. పొద్దు తిరిగేసరికి ఊపిరి ఆగిపోయింది.

చెంగమ్మ ఎంత ఏడ్చిందో నేను చెప్పలేను. మామ్మ ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే చెంగమ్మకి కొంచెం తేలికయ్యేదేమో.

వారం గడిచింది. చెంగమ్మ నీళ్ళు తాగడానికి ఏటికి వెళ్ళింది. ఒడ్డున బురదలో ఒక ఖాళీ సీసా పడి ఉంది. దాని మీద అచ్చు వేసిన కాగితం, కాగితం మీద తన గిట్ట గుర్తు. అంటే ఇది తాగిన పిల్ల ఇంకొకటి ఉంది. ఎక్కడుంది? ఎలా ఉంది? ఇక ఆగలేకపోయింది. పడవ వెళ్ళిన దారినే ఒడ్డు పట్టుకుని పరుగు తీసింది.

మొదట దుప్పి జాతిదే, ఒక తల్లి కణుజు కనబడింది. ఎండుటాకుల కుప్ప పక్కన కూర్చుని ఉంది. ఆ కుప్ప కింద ఏముందో చెంగమ్మకి చెప్పక్కర్లేకపోయింది.

"నీ గుర్తు చూసే పట్టించానమ్మా," అంది కణుజు, నేల మీద చెంగమ్మ గిట్ట ముద్ర పోల్చుకుని. దాని గొంతులో కోపం లేదు. "నీ పిల్ల బాగుందా?"

"మా పిల్ల కూడా లేదు. తప్పు నాదే," అని చెంగమ్మ తల వంచుకుని ముందుకు నడిచింది.

తరవాత ఒక తల్లి కొండముచ్చు చెట్టు మీద కనబడింది. ఒళ్ళో పిల్ల మగతగా వేలాడుతోంది.

"ఆ మందు పారబొయ్యి. నా కూతురు దానివల్లే పోయింది," అంది చెంగమ్మ.

"ఎవరు నువ్వు?"

"ఆ సీసా మీద గుర్తు నాది."

కొండముచ్చు సీసా తిప్పి చూసింది. "అబద్ధాలాడకు. దీని మీద దుప్పి నవ్వుతోంది. నువ్వు ఏడుస్తున్నావు. దీని కూతురు ఎంతెత్తు గెంతుతోందో చూడు."

చెంగమ్మ ఆ బొమ్మని చూసింది. నూకాలు బతికుండగా ఎన్నడూ అంతెత్తు గెంతలేదు. ఎంత బతిమాలినా కొండముచ్చు వినలేదు. పిల్లని ఎత్తుకుని పై కొమ్మకి వెళ్ళిపోయింది.

మూడోది ఒక కుందేలు. పేరు పోలమ్మ. పొద దగ్గర కూర్చుని, దగ్గుతున్న పిల్ల నోటికి అప్పుడే చెంచా అందిస్తోంది.

ఈసారి చెంగమ్మ వాదించలేదు. "పోలమ్మా, ఆ చెంచా ఇప్పుడే పట్టకు. నీ పిల్లకి తగ్గేదాకా నేనిక్కడే ఉంటాను. నీకు నిద్రొస్తే నేను చూసుకుంటాను," అంది.

"తగ్గుతుందా అక్కా?"

తగ్గుతుందని చెప్పాలని చెంగమ్మకి ఎంతో అనిపించింది. "మాటివ్వలేనమ్మా," అంది. "చాలామందికి తగ్గిందట."

పోలమ్మ చెంగమ్మ మొహంలోకి చూసింది. ఏం కనబడిందో గానీ, చెంచా కింద పెట్టేసింది. నెల రోజులు ఇద్దరూ వంతులేసుకుని ఆ పిల్ల వీపు నిమిరారు. పిల్ల దగ్గినప్పుడల్లా చెంగమ్మకి కళ్ళనీళ్ళు తిరిగేవి. నూకాలుని కూడా ఇలా దగ్గనిచ్చి ఉంటే అని కుమిలిపోయేది. కుందేలు పిల్ల బతికింది.

నక్క మళ్ళీ ఆ అడవికి రాలేదు. ఏ ఏట్లో, ఏ రేవులో తిరుగుతోందో. సీసాలు మాత్రం అమ్మకానికి వస్తూనే ఉన్నాయి, వాటి మీద గెంతే పిల్ల బొమ్మతో. పొగపడవ కూత వినబడితే చాలు, చెంగమ్మ రేవుకి వెళ్ళి నిలబడేది. సీసా పట్టుకున్న ప్రతి తల్లి దగ్గరికీ వెళ్ళి, "ఆ గుర్తు నాదే. నా కూతురు లేదు," అని చెప్పేది. కొందరు నమ్మేవారు. కొందరు కాగితాన్నే నమ్మేవారు. అది ముసలిదయ్యేదాకా అలా చెబుతూనే ఉంది.

నీతి: మేలు జరిగిందని కళ్ళారా చూడకుండా, మొహమాటానికి పోయి సాక్ష్యం చెప్పకండి, మీ మాట నమ్మి ఇంకో తల్లి అదే మందు తన బిడ్డకి పట్టిస్తుంది.