మోదుగ పెట్టిన బెల్లం

అనగనగా, వానలు మొహం చాటేసిన ఏడు, ఒక కొండ అడవిలో మోదుగ అనే ఆడ కొండముచ్చు కడుపుతో ఉంది. కదలకుండా వినండి పిల్లలూ, మధ్యలో లేస్తే మళ్ళీ మొదట్నుంచి చెప్పను.

చెట్ల మీద ఆకు లేదు. మోదుగ బెరడు గీక్కుని తింది. ఎండిన కాయలు కొరికింది. చివరికి ఒక పిల్లాణ్ణి కన్నది. పుల్లలా ఉన్నాడని గుంపంతా వాణ్ణి పుల్లడు అంది. ఆ వారమే గుంపులో రెండు పసికందులు ప్రాణం విడిచాయి. మోదుగ గుండెల్లో రాయి పడింది. వీడు బతికితే చాలు, ఇంకేమీ వద్దు అనుకుంది.

కొండముచ్చుల్లో ఒక ఆచారం ఉంది. బిడ్డను తల్లి ఒక్కతే పెంచదు. అత్తలూ పెద్దమ్మలూ చేతులు మార్చుకుంటూ పెంచుతారు. అందరికంటే ముందు గుంపులో పెద్దది ఎత్తుకోవాలి. ఆ పెద్దది కరకమ్మ.

కరకమ్మ పుల్లణ్ణి ఎత్తి చూసింది. "ఊపిరి బాగుంది. పాలు తాగించు. పళ్ళొచ్చాక లేత చిగుళ్ళు నమిలించు. తొందరపడకు మోదుగా. వీడు కడుపులోనే కరువు చూశాడు. దొరికిందల్లా దాచుకోవడం వాడి ఒంటికి అప్పుడే తెలిసిపోయింది. తిండి కుక్కావంటే కొవ్వే పడుతుంది" అంది.

"నా బిడ్డ చచ్చాక చెబుతావా ఈ సుద్దులు?" అని మోదుగ బిడ్డను లాక్కుంది. "ఒక్కణ్ణయినా కన్నావా, పెంచావా? నీకేం తెలుసు?"

కరకమ్మ ఆ మాట మరిచిపోలేదు. మరిచిపోయే మాటా అది?

కొండ దిగువన చెరకు తోటలో బెల్లం వండే కొట్టం ఉంది. మోదుగ దొంగచాటుగా వెళ్ళి ముక్కలు తెచ్చేది. పాలు మాన్పించి బెల్లం పెట్టింది. పుల్లడు తల తిప్పుకుంటే నోరు తెరిచి కుక్కింది. నిద్రపోతుంటే లేపి మరీ పెట్టింది.

"అబ్బ, బూరెలా ఉన్నాడే!" అన్నాయి చిన్న కొండముచ్చులు. మోదుగ మురిసిపోయింది. కరకమ్మ మొహం తిప్పుకుంది.

ఏళ్ళు గడిచాయి. పుల్లడు పెద్దవాడయ్యాడు. రెండు కొమ్మలు ఎక్కితే ఆయాసం.

"ఒరే పుల్లడా, నువ్వు కూర్చుంటే చెట్టే వంగి దండం పెడుతోందిరా!" అని ఈడువాళ్ళు నవ్వారు.

మోదుగకు అప్పుడు భయం పట్టుకుంది. బెల్లం మాన్పించింది. ఆకులే పెట్టింది. ఒళ్ళు తగ్గలేదు. సిగ్గు చంపుకుని కరకమ్మ దగ్గరికి వెళ్ళింది.

"అత్తా, ఆకులే తింటున్నాడు. ఎందుకు తగ్గడం లేదు?"

కరకమ్మ పుల్లడి కుడి డొక్క కింద వేళ్ళతో నొక్కింది. వాడు మూలిగాడు.

"పైన కనిపించేది సగమే. లోపల కాలేయం నిండా కొవ్వు పేరుకుంది. పాలు తాగే ఈడులో పడ్డ అలవాటు ఒళ్ళు అంత తేలిగ్గా వదలదు. రోజూ కొమ్మలెక్కించి తిప్పు. కొద్దికొద్దిగా తగ్గుతుంది. ఏళ్ళు పడుతుంది."

ఆ ఏళ్ళు ఎక్కడివి? మర్నాడు మిట్టమధ్యాహ్నం, కాపలా ఉన్న కొండముచ్చు "ఖక్! ఖక్!" అని అరిచింది. చిరుత! గుంపంతా లోయ మీదుగా ఎదురు చెట్టుకు దూకింది. మోదుగ కూడా దూకింది. వెనక్కి తిరిగి చూస్తే పుల్లడు లోయకు అవతలే ఉండిపోయి, కొమ్మ చివర వణుకుతున్నాడు.

"దూకరా నాయనా!"

"ఊపిరాడట్లేదమ్మా. కాళ్ళు లేవట్లేదు."

చిరుత పుల్లడున్న చెట్టు మొదట్లో తీరిగ్గా కూర్చుంది. "ఎందుకు తల్లీ, పిల్లాణ్ణి కంగారు పెడతావు? నేను ఎక్కను. నాకు తొందర లేదు. కొమ్మే దించుతుంది."

మోదుగ కరకమ్మ చెయ్యి పట్టుకుంది. "ఏదైనా చెయ్యి అత్తా!"

ఇన్నేళ్ళ కోపం ఎక్కడికి పోయిందో, కరకమ్మ మోదుగను గట్టిగా పొదువుకుంది.

కొమ్మ ఫెళ్ళుమంది.

మోదుగ కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకున్నా చెవులు మూతపడవు కదా.

నీతి: కడుపుతో ఉన్న తల్లిని పస్తు ఉంచకూడదు, పుట్టిన బిడ్డకు భయంతో తిండి కుక్కకూడదు. పసితనంలో గాడితప్పిన తిండి పెద్దయ్యాక ప్రాణం మీదికి తెస్తుంది.