సముద్రంలో రాజుగారి కీర్తి

సముద్రాన్ని ఆనుకుని నీలకొల్లు అనే చిన్న రాజ్యం ఒకటి ఉండేది. దాన్ని ఏలే ప్రచండవర్మకు రాజ్యం కంటే పొగడ్త మీద మక్కువ ఎక్కువ. పొద్దున్నే ఆయన పళ్లు తోముకుంటున్నా పక్కన ఒకరు నిలబడి ‘ఆహా’ అనాలి.

ఒక వేసవిలో, కోట కిందనున్న సముద్రపు పాయ రాత్రిపూట వెలగడం మొదలుపెట్టింది. పడవ కదిలితే చుట్టూ నీలి మంట, వల విసిరితే నీళ్లలో నీలి నిప్పురవ్వలు. రాజు మేడ మీంచి చూసి, ఇదేమిటని ఆస్థాన పండితుడు భూతనాథ శాస్త్రిని అడిగాడు. శాస్త్రికి తెలియదు. తెలియదని చెప్పే అలవాటూ లేదు. అది ఏలినవారి కీర్తేననీ, భూమ్మీద చోటు చాలక సముద్రంలోకి దిగిందనీ చెప్పాడు. అంతటితో ఊరుకోక, జాలర్ల వలలు తగిలి ఆ కీర్తి చిరిగిపోతోందని కూడా అన్నాడు.

మర్నాడే చాటింపు వేయించారు. పాయలో పడవ కనిపిస్తే తల తీస్తారట.

జాలరివాడలో పొయ్యిలు ఆరిపోయాయి. దాచుకున్న ఎండుచేపలతో ఎనిమిది రోజులు నెట్టుకొచ్చారు. తొమ్మిదోనాడు గురివి అనే నడివయసు మనిషి, రాజుతో తాను మాట్లాడి వస్తానని లేచింది. ఆమె నోటికి జడిసి మొగుడు కూడా వద్దనలేదు.

ఆ రాత్రే ప్రచండవర్మ తన కీర్తిని చూపించడానికి పొరుగురాజు వీరకేతుణ్ణి ఒడ్డుకు తీసుకొచ్చాడు. తీరా చూస్తే పాయంతా కాటుకలా నల్లగా ఉంది. వీరకేతుడు మర్యాదగా చాలాసేపు చూసి, ఇంతకీ ఎటు చూడాలని అడిగాడు. ప్రచండవర్మ ముఖం మాడిపోయింది. శాస్త్రి నక్షత్రాలు లెక్కపెట్టసాగాడు.

అప్పుడు గురివి ముందుకొచ్చి దణ్ణం పెట్టింది. ఆమె వెనకాలే జాలరివాడలో తిరిగే గజ్జికుక్క కూడా వచ్చి నిలబడింది.

“మారాజా, తమరు నీళ్లలోకి దిగండి. అదే వెలుగుతాది,” అంది.

రాజు పంచె ఎగ్గట్టి మోకాలిలోతుకు దిగాడు. అడుగేసినచోటల్లా నీలి వెలుగు భగ్గుమంది. ఆయన ఆనందం పట్టలేకపోయాడు. సముద్రం కూడా ఏలినవారి పాదాలను గుర్తుపట్టిందని శాస్త్రి అందరికీ వినిపించేలా చెప్పాడు.

గురివి కొంగున ముడివేసిన ఎండుచేప తీసి నీళ్లలోకి విసిరింది. కుక్క దాని వెంట దూకింది. దాని కాళ్ల చుట్టూ వెలుగు, తోక చుట్టూ వెలుగు. రాజుగారు మోకాళ్లదాకానే వెలిగారు. కుక్క మెడదాకా వెలిగింది.

గురివి పండితుడి వైపు తిరిగింది.

“శాస్త్రులుగారూ, మా కుక్క ఏ రాజ్యం గెలిచిందో కాస్త సెలవియ్యండి.”

రాజు చెయ్యి కత్తి మీదికి పోయింది. అయినా గురివి మాట ఆపలేదు.

“ఆ నీళ్లలో కంటికి ఆనని పురుగులుంటాయని మా ముసలోళ్లు చెప్తారు మారాజా. కదిపితే ఉలిక్కిపడి మెరుస్తాయి. రాజు కాలో కుక్క కాలో వాటికి తెలీదు. ఇన్నాళ్లూ మా తెడ్లు కదిపాయి, తమరు మేడ మీంచి చూశారు. తెడ్లు ఆపించారు, చీకటైపోయింది.”

వీరకేతుడు ముందు దగ్గాడు, ఆ తర్వాత ఆపుకోలేక నవ్వేశాడు. ప్రచండవర్మ తన కాళ్లు చూసుకున్నాడు. పక్కనే చేప నోట కరుచుకుని, తోకతో వెలుగు చిమ్ముతున్న కుక్కను చూశాడు. కత్తి మీది చెయ్యి జారిపోయింది. నవ్వీ నవ్వీ నీళ్లలోనే కూలబడ్డాడు. అప్పుడు ఆయనా మెడదాకా వెలిగాడు.

అక్కడ కూర్చునే చాటింపు రద్దు చేశాడు. పాయ మీద హక్కు జాలరివాడకు ఇచ్చేశాడు. వేలి ఉంగరం తీసి గురివి చేతిలో పెట్టాడు.

అప్పటికే శాస్త్రి ఆ కీర్తి మీద నూరు పద్యాలు రాసేసి ఉన్నాడట. వాటినేం చేయమంటారని మెల్లగా అడిగాడు.

“పారేయడమెందుకు? నా పేరు కొట్టేసి ఆ కుక్క పేరు పెట్టండి,” అన్నాడు రాజు.

శాస్త్రి గంటం పట్టుకుని గురివి దగ్గరికి వెళ్లి, ఛందస్సులో ఇముడుతుందో లేదో చూసుకోవాలి, కుక్క పేరేమిటని అడిగాడు.