నక్క తోక, ఫిరంగి ఓడ

గోదావరి సముద్రంలో కలిసేచోట దట్టమైన మడ అడవి ఉండేది. అందులో కొంగలు, పీతలు, బావురుపిల్లులు, నీటికుక్కలు, ఒక నక్క కాపురం ఉండేవి. నీటికుక్కల్లో చంచల అనే తల్లికి మూడు పిల్లలు.

అది దొరల పాలన కాలం. ఒకరోజు దూరదేశపు యుద్ధనౌక వచ్చి ఆ అడవికి ఎదురుగా లంగరు వేసింది. తీరానికి కాపలా అట! రోజూ మిట్టమధ్యాహ్నం "ఢాం!" అని ఫిరంగి పేల్చేది. కొంగలు చెల్లాచెదురయ్యేవి. పీతలు బొరియల్లో దూరేవి.

నాలుగోనాడు నక్క ఇసుకదిబ్బ ఎక్కి అందరినీ పిలిచింది.

"ఆ ఓడ నేను చెప్పినట్టు వింటుంది. చూడండి!" అని తోక పైకెత్తింది.

ఢాం!

జంతువులు గజగజ వణికాయి.

"ఇకనుంచి మీరు పట్టిన చేపలన్నీ నాకే. కాదన్నవాళ్ల మీదికి ఫిరంగి తిప్పిస్తా!" అంది నక్క.

నెల తిరిగేసరికి చంచల పిల్లల డొక్కలు వీపుకు అంటుకుపోయాయి. చిన్నదానికి ఈదే ఓపిక కూడా లేదు. "చస్తే చస్తాను. ఆ ఓడ సంగతేమిటో చూసి వస్తాను," అని చంచల అలల్లోకి దూకింది.

ఓడ దగ్గర తల పైకెత్తింది. ఓడ మీద ఎర్రజెండా లేచింది. అది చూశాకే దిబ్బమీద నక్క తోక లేచింది. ఆ వెంటనే ఫిరంగి పేలింది!

"ఓరి నీ వేషం తగలెయ్య! జెండా చూసి తోక ఎత్తుతున్నావా!"

తిరిగొచ్చి చెబితే ఒక్కరూ నమ్మలేదు. "తేడా వస్తే అడవంతా బుగ్గయిపోతుందమ్మా," అంది ముసలికొంగ.

మూడు రోజులు గడిచాయి. ఆ ఉదయం నావికులు హోరుమంటూ లంగరు లాగడం చంచల చూసింది. బాణంలా ఈదుతూ వచ్చింది. మధ్యాహ్నం అందరి ముందూ నక్కకు ఎదురు నిలిచింది.

"నక్క మామా, నేను చేప ఇవ్వను. పేల్పించు చూద్దాం!"

ఇన్నాళ్లూ తోక ఎత్తీ ఎత్తీ, ఓడ నిజంగానే తన మాట వింటోందని నక్క నమ్మేసింది. సముద్రం వైపు చూడనైనా చూడకుండా తోక ఎత్తింది. చప్పుడు లేదు. మళ్లీ ఎత్తింది. అలల హోరే తప్ప ఇంకేమీ లేదు. వెనక్కి తిరిగి చూస్తే, ఓడ తెరచాపలు ఆకాశపు అంచున చుక్కంత అయిపోయాయి!

ముందుగా ఒక పీత ఆ తోకను గట్టిగా పట్టేసింది. ఆ తర్వాత కొంగలు ముక్కులతో, బావురుపిల్లులు గోళ్లతో మీదపడ్డాయి. నక్క కుయ్యోమంటూ, బురదలో పడుతూ లేస్తూ పారిపోయింది. మళ్లీ ఆ తీరంలో అడుగు పెట్టలేదు.

ఆ పూట ఎవరు పట్టిన చేప వాళ్లే తిన్నారు.

నీతి: పరాయి బలం చూసుకుని పెత్తనం చేసేవాడికి, ఆ బలం తరలిపోయిన నాడు నిలువ నీడ ఉండదు.