ఎవరినడిగినా చెబుతారు

విశాలాక్షి గారిని "ఎందుకు?" అని అడిగినవాళ్లకు జవాబు వెంటనే దొరికేది కాదు, ముందు ఏదో ఒక పని దొరికేది. కాలేజీలో కంప్యూటర్లు బోధించి రిటైరయ్యాక కూడా ఆవిడకా అలవాటు పోలేదు. ఆ శనివారం శిష్యురాలు హిమజ అడిగిందీ అలాంటి ప్రశ్నే.

"లోకంలో ఉన్న పుస్తకాలన్నీ చదివిందంటారు కదా మేడం, ఆ ఏజెంటు! దానికి మళ్లీ నేను పూసగుచ్చినట్టు రాసిపెట్టడం ఎందుకు?"

హిమజ ఉక్రోషానికి కారణముంది. తెనాలిలో ఒక ట్రస్టు, డయాలసిస్ రోగులను ఇంటి నుంచి ఆసుపత్రికి తీసుకెళ్లే వ్యాన్లు నడుపుతోంది. రోగులు ఫోనులో పంపే కబుర్లు చదివి, వ్యాను ఏర్పాటు తనంతట తానే చూసుకునే ఏజెంటును, అంటే పక్కన మనిషి లేకుండా పనిచేసే ప్రోగ్రామును, హిమజ తయారుచేసింది. వ్యాను వేయడానికి, తేదీ మార్చడానికి, ఇలా ఒక్కో పనికి ఒక్కో టూల్ దాని చేతికిచ్చింది. ఏ టూల్ ఎప్పుడు వాడాలో ఏజెంటు తెలుసుకునేది దాని కింద రాసిన వివరణ చదివే. హిమజ ఒక్కోదానికి ఒక్కో ముక్క రాసి ఊరుకుంది. "తేదీ మార్చుటకు", అంతే. ఆ టూల్ పాత తేదీని తీసేస్తుందే తప్ప కొత్తది వేయదనీ, అందుకు ఇంకో టూల్ వాడాలనీ ఆఫీసులో అందరికీ తెలుసు. ఏజెంటుకు తెలియదు. పరీక్ష కోసం ఒక రోగి పేరున "రేపటికి మార్చండి" అని కబురు పెడితే, ఉన్న వ్యాను తీసేసి, "మీ పని పూర్తయింది" అని మర్యాదగా జవాబిచ్చింది. అదే నిజంగా జరిగివుంటే, ఆ మనిషి మర్నాడు గుమ్మంలో కూర్చుని రాని వ్యాను కోసం ఎదురు చూస్తూ ఉండేవాడు. సోమవారానికి ఇది చక్కబడకపోతే ఏజెంటును పక్కన పెట్టేస్తామని ట్రస్టువాళ్లు తేల్చేశారు. అందుకే హిమజ తన మేడంను ట్రస్టు ఆఫీసుకు పిలిపించుకుంది.

"ఇది ఒట్టి మొద్దు మేడం. దీనికి ఇంకా పెద్ద బుర్ర కొనమంటాను."

"కొందాంలే. ముందు మస్తాన్‌కు దారి చెప్పు."

మస్తాన్ ఆ రోజే ట్రస్టులో చేరిన డ్రైవరు. మదనపల్లె మనిషి, ఈ ఊరు రావడం ఇదే మొదలు. సోమవారం అతను ముందుగా ఎక్కించుకోవలసింది వెంకటరత్నం గారిని. ఇవాళ ఖాళీ వ్యానుతో ఇల్లు చూసి రావాలి. హిమజ పుట్టి పెరిగింది ఇక్కడే. ఆలోచించే పనే లేకపోయింది.

"రాజ్యం టాకీసు సెంటర్లో ఎడమకు తిరుగు. ఐసు ఫ్యాక్టరీ దాటాక రెండో సందు. వెంకటరత్నం గారిల్లంటే ఎవరినడిగినా చెబుతారు."

"టాకీసంటే సినిమా హాలే కదా మేడం?"

"ఆఁ, అదే. వెళ్లు వెళ్లు, ఎండెక్కిపోతుంది."

విశాలాక్షి గారు తలెత్తి చూశారు.

మస్తాన్ అనుకున్నదానికన్నా తొందరగానే తిరిగొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "చూసొచ్చినా మేడం. ఎర్ర గేటు. కుక్క ఉందని బోర్డు కూడా ఉండాది."

హిమజ నవ్వబోయి ఆగింది. వెంకటరత్నం గారింటికి అసలు గేటే లేదు.

"ఏ హాలు దగ్గర తిరిగావు?"

"బస్టాండు కాడ పెద్ద హాలు మేడం, కొత్త సినిమా ఆడతా ఉండాది. ఐసు ఫ్యాక్టరీ కనపళ్లా. ఐస్‌క్రీం అంగడి ఉంటే అదే అనుకుంటి. సందులో అడిగితే వెంకటరత్నం గారిల్లని చూపిచ్చిరి. సారు ఇస్త్రీ చొక్కా ఏసుకోని దిట్టంగా ఉండాడు. ఈయనకేం జబ్బబ్బా అనుకుంటి."

రాజ్యం టాకీసును హిమజ పుట్టకముందే పడగొట్టారు. అక్కడిప్పుడు బట్టల కొట్టుంది. ఐసు ఫ్యాక్టరీ కల్యాణమండపమై చాలాకాలమైంది. ఆ హాల్లో ఒక్క సినిమా చూసి ఎరగకపోయినా, అందరిలాగే ఆమె నోటికీ ఆ పేరే వచ్చింది.

"అనుమానం వస్తే అడగొద్దటయ్యా!"

"అడిగినా కదా మేడం," అతను నొచ్చుకున్నాడు. "సినిమా హాలే కదా అంటే, అదే అంటిరి."

హిమజ వెళ్లి వ్యానులో అతని పక్కన కూర్చుంది. ఈసారి కంటికి కనిపించేవే చెప్పింది. బట్టల కొట్టు, కల్యాణమండపం, వ్యాను పట్టని సందు మొదట్లో ఉన్న కుళాయి. కుళాయి దగ్గర వ్యాను ఆపించి, గేటు లేని ఆ ఇల్లు మస్తాన్‌కు చూపించి, తలుపు తీయకపోతే ఎవరికి ఫోను చేయాలో కూడా చెప్పాకే వెనక్కి తిరిగింది.

వచ్చీ రాగానే కంప్యూటరు ముందు కూర్చుంది. "ఈ టూల్ పాత తేదీని తీసేస్తుంది. కొత్తది వేయదు. ముందు కొత్త తేదీకి వ్యాను ఖాళీ ఉందో లేదో చూడాలి. లేకపోతే పాతదాన్ని ముట్టుకోకుండా రోగినే అడగాలి." ఒకటి ముగించి ఇంకోటి. ఆదివారమూ లేవలేదు. ఒకచోట "మామూలు పద్ధతిలో" అని రాస్తే, విశాలాక్షి గారు వెనక నిలబడి "మామూలంటే?" అన్నారు. హిమజ పళ్లు బిగబట్టి దాన్ని చెరిపి, ఆ పద్ధతేమిటో మొత్తం రాసింది. మళ్లీ పరీక్ష పెట్టింది. ఏజెంటు ఈసారి ముందు ఖాళీ చూసుకుని, కొత్త తేదీ వేసి, ఆ తర్వాతే పాతది తీసింది.

చివరిగా ఒక చిన్న టూల్ మిగిలింది. హిమజ ఒళ్లు విరుచుకుంది. "దీనికి అక్కర్లేదు లెండి మేడం. ఇది ఎవరికైనా తెలుస్తుంది."

"మస్తాన్‌కు అడగడానికి ఒక వీధైనా ఉందమ్మాయ్," అన్నారు విశాలాక్షి గారు కళ్లజోడు తుడుచుకుంటూ. "నీ ఏజెంటుకు ఏ వీధి ఉంది?"