దివాను గారి ఒంటికాలు ట్రౌజర్స్

పనివాళ్లు కోటలోకి ఒక్క కత్తికి మించి తీసుకెళ్లకూడదని పూర్వం ఒక సంస్థానంలో కట్టడి ఉండేది. ఇంగ్లీషు దొర దర్బారుకు వస్తున్నాడని, దివాను అనంతరాయణింగారు ఒక ట్రౌజర్స్ కుట్టమని దర్జీ హుస్సేనప్పను పిలిపించారు. దివాను గారు కొత్తగా ఇంగ్లీషు నేర్చుకుంటూ, దొరికినవాడి మీదల్లా ప్రయోగిస్తున్నారు.

కోట గుమ్మంలో హుస్సేనప్ప చేతిలో కత్తెర చూసి దివాను గారే ఆపారు.

"దొరల భాషలో సిజర్స్‌కి 'ఈజ్' రాదురా, 'ఆర్' వస్తుంది. అంటే ఇవి రెండు కత్తులు." కత్తెర నడిమి మేకు ఊడదీయించి, ఒక కత్తిని కావలివాడి దగ్గర పెట్టించారు.

"చిత్తం. మరి ట్రౌజర్స్‌కో అయ్యగారూ?"

"దానికీ 'ఆర్' అనాలి."

హుస్సేనప్ప మిగిలిన కత్తితోనే గుడ్డ కోసి కుట్టాడు. దొర బండి పొలిమేరకు వచ్చిందని కబురందేసరికి తెచ్చిచ్చాడు. దివాను గారు ఒక కాలు దూర్చారు. రెండో కాలికి చోటు లేదు.

"ఇంకో కాలు ఏదిరా?"

"తమరు ఒకటే కుట్టమన్నారు. తమ లెక్కన రెండు కాళ్లుంటే రెండైపోతాయి కదండీ."

దివాను గారు కాసేపు ఒంటికాలి మీద నిలబడి ఆలోచించారు. తర్వాత రెండో కత్తి తెప్పించి, తన చేత్తోనే మేకు బిగించి ఇచ్చారు.

"కత్తెర ఒకటేరా."

హుస్సేనప్ప సంచిలోంచి రెండో కాలు తీసి అతికించాడు.

ఆనాటి దర్బారులో దివాను గారు దొరతో తెలుగులోనే మాట్లాడారు.